రేవు నంబరు

ముప్పై తొమ్మిదేళ్ళు కస్టమ్స్ ఏజెన్సీలో
ఓడలు దింపిన సరుకుని వరసల్లో పేర్చాను.
రాగి, ద్రాక్ష, పాత టైర్లు,
ఒకసారి సర్కస్ ఏనుగు.
దానికీ ఓ కోడ్ ఉంది, ఆరంకెలు.
రిటైరైన రోజు పింగాణీ కప్పొకటి చేతిలో పెట్టారు.
నా ప్రోగ్రాములు మాత్రం ఇంకా అక్కడే
పింఛను లేకుండా పని చేస్తున్నాయి.

వాల్పరైసోలో మా కొండకి ఒక లిఫ్టుంది,
పట్టాల మీద ఏటవాలుగా పాకే చెక్క డబ్బా.
నడిచిన రోజు నడుస్తుంది.
నడవని రోజు ఆ సంగతి
కింద బోర్డు దాకా వెళ్తే గాని తెలీదు.
అప్పటికే చేతిలో బంగాళదుంపల సంచీ,
ఎదురుగా మూడొందల పన్నెండు మెట్లు.

"ఫోన్లో ఒక పేజీ ఉంటే బావుణ్ణు దోన్యా ఎర్మీనియా,
ఒక్క మాట చెప్తే చాలు, ఉందా లేదా అని"
అన్నాడు మీట దగ్గర కూచునే బెలార్మీనో.

రాస్తానన్నాను. కోబాల్‌లో రాస్తానన్నాను.
మా మేనల్లుడు ఎలియాసర్‌కి కాఫీ పొలమారింది.
"అది బ్యాంకుల భాష అత్తా, బతికున్నవాళ్ళది కాదు.
వేరే దాంట్లో అయితే అయిదు లైన్లు."
ఆ అయిదు లైన్లు నాకు రావు నాయనా.
నాకు వచ్చింది ఇది:

ఏడో గడిలో నక్షత్రం పెడితే
అది నాలో నేను అనుకునే మాట.
ఎనిమిదిలో మొదలైతే పేరు,
పన్నెండులో మొదలైతే పని.
డెబ్బై రెండు దాటాక ఏం రాసినా
యంత్రం చదవదు.
నాకిప్పుడు డెబ్బై మూడు.

వాక్యం చివర చుక్క పెట్టాలి.
చుక్క మర్చిపోతే కిందున్నదంతా
పైనున్న షరతులోకి జారిపోతుంది.
అలా ఒక్క చుక్క లేక
పన్నెండు కంటైనర్ల అరటిపళ్ళు
మా కళ్ళ ముందే నల్లబడ్డాయి.

దీన్నీ రేవు అనే అంటారు, విచిత్రం.
ఎనిమిదివేల ఎనభయ్యో రేవు.
ఉప్పు వాసన లేదు, క్రేన్ల అరుపు లేదు,
ఒక అంకె దగ్గర చెవి ఒగ్గి కూచోవడమే.
తెరువు, కట్టు, విను, రానివ్వు:
ఈ నాలుగు పిలుపులూ నావి కావు,
పక్కింటి భాష నుంచి చేబదులు.

"అంకెని తిరగెయ్యాలి అత్తా,
ఈ యంత్రం చిన్న కొస నుంచి రాస్తుంది,
తీగ మీదికి పెద్ద కొస ముందు ఎక్కాలి.
అందరూ బోల్తా పడేది అక్కడే"
అంటూ నా వెనకే నిలబడ్డాడు, పడతానేమోనని.
నేను తిరగెయ్యలేదు.
బైట్లు విప్పి చూశాడు. సరిగ్గా ఉన్నాయి.
నా భాష మొదట్నించీ పెద్ద కొసే ముందు రాస్తుంది.
లోకంలోని తీగలన్నీ, నేనూ
ఒకే బళ్ళో అంకెలు దిద్దామన్నమాట.
వాడేమీ అనలేదు. తన కప్పు తనే కడిగి పెట్టాడు.
మా ఇంట్లో అది చాలా పెద్ద మాట.

రాత్రి రెండుంపావుకి తొలి అతిథి.
ఏ ఊరివాడో, లిఫ్టు సంగతి అడగలేదు.
అడ్మిన్ గదెక్కడ, పాస్‌వర్డుల ఫైలేది,
నలభై తలుపులు వరసగా తట్టాడు.
నాకున్నది ఒకటే తలుపు.
నాలుగొందల నాలుగు, నాలుగొందల నాలుగు,
నలభై సార్లూ విసుక్కోకుండా చెప్పింది ప్రోగ్రాము.
కౌంటర్లో పెరిగిన పిల్ల మరి.

పొద్దున్న బెలార్మీనో ఫోన్ చేశాక
ఫైల్లో మాట మార్చాను.
ఏడూ నలభై రెండుకి రెండో అతిథి.
వెంటనే కొండ కింది నుంచి ఒకటే కేక:
"దోన్యా, లిఫ్టు నడుస్తోందట!"
చేత్తో మీట పట్టుకుని మరీ
ఫోన్లో చదువుతున్నాడు.

నా గడి పొడవు ఎనభై.
మా 'అవును' రెండే అక్షరాలు,
వెనక డెబ్బై ఎనిమిది ఖాళీలు.
కోసెయ్యమన్నాడు ఎలియాసర్,
కొలతలో కలిసిపోతున్నాయట.
ఉండనీ.
తొలి ట్రిప్పులో ఒక్క మనిషే ఎక్కినా
డబ్బా బల్లలన్నిటితోనూ కదా పైకొస్తుంది.